గోళ్లతో సహా మన పిల్లి

తెల్లవారుజామున ఐదున్నర ప్రాంతంలో మా హాల్లోంచి బర్... బర్... అని ఒక చప్పుడొస్తుంది. పక్క ఫ్లాట్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు మొదటి వారంలోనే అడిగారు, ‘‘పొద్దున్నే కొబ్బరి కోరతారా అండీ మీరు?’’ అని. లోపలికి పిలిచి చూపించాను. సోఫా పక్కన మూడడుగుల సరుగుడు దుంగ, దాని చుట్టూ కొబ్బరి పీచు తాడు. అప్పుడే నిద్ర లేచిన మా జున్ను ఆ దుంగను రెండు ముందుకాళ్లతో పట్టుకుని, వెన్ను విల్లులా సాచి, పై నుంచి కిందికి గోళ్లతో బరుకుతోంది. వెనకాల తన వంతు కోసం కాటుక కూర్చుని ఉంది.

జున్నుది మీగడ రంగు. కాటుక నల్లది. ఒకే ఈతలో పుట్టిన నాలుగు పిల్లల్లో మిగతావాటిని ఎవరో ఒకరు తీసుకెళ్లారు గానీ, నల్లగా ఉందని దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. జున్నుతో పాటు దీన్నీ మేమే తెచ్చుకున్నాం. రెండూ మన వీధుల్లో తిరిగే జాతే. ఇప్పుడు మూడో అంతస్తులో, గడప దాటకుండా బతుకుతున్నాయి. ముందుకాళ్లకు ఐదేసి, వెనకకాళ్లకు నాలుగేసి లెక్కన ఒక్కోదానికి 18 గోళ్లు. రెండింటికీ కలిపి 36. ఒక్కటీ పోలేదు.

మూడేళ్ల కిందట ఈ చప్పుడు సోఫా చేతి మీంచి వచ్చేది. వాయిదాల మీద కొన్న సోఫా, ముతక నేత బట్ట. నెల తిరిగేసరికి కుడివైపు దారాలన్నీ లేచిపోయి లోపలి స్పాంజి కనిపించింది. తెలిసినవాళ్లొకరు ‘‘గోళ్లు తీయించేస్తే సరి, అమెరికాలో చేయిస్తారట కదా’’ అన్నారు. తీయించడమంటే మొదలంటా కత్తిరించడమేమో అనుకున్నాను. టీకా వేయించడానికి వెళ్లినప్పుడు పశువైద్యురాలిని అడిగాను. ఆవిడ జున్ను పాదాన్ని అరచేతిలో పెట్టుకుని, వేలి కొసను మెల్లిగా నొక్కారు. గోరు నెలవంకలా బయటికొచ్చింది. ‘‘దీన్ని శాశ్వతంగా తీయాలంటే గోరొక్కటే రాదమ్మా. వేలి చివరి ఎముక కోసేయాలి’’ అన్నారు.

ఇంటికి వచ్చేదాకా జున్నును ఒళ్లోంచి దించలేదు.

వేలి చివరి ఎముక

మన గోరు వేలి మీద చర్మంలోంచి పెరుగుతుంది. పిల్లి గోరు వేలి ఆఖరి ఎముకనే అంటిపెట్టుకుని, దాని మీదే పెరుగుతుంది. గోరు మళ్లీ మొలవకూడదంటే ఆ ఎముక ఉండకూడదు. ఇంగ్లిష్‌లో ‘డీక్లాయింగ్’ అని మెత్తగా పిలిచే ఆపరేషన్ ఇదే. మన చేతితో పోల్చుకుంటే, పదివేళ్లనూ గోటికింది కణుపు దగ్గర నరికినట్టు. ఎముకతో పాటు దాన్ని పట్టి ఉంచే స్నాయువు, నరం, నెత్తురు నాళం అన్నీ తెగుతాయి. కొందరు డాక్టర్లు చిన్న కత్తితో చేస్తారు, కొందరు కత్తెరలాంటి పరికరంతో, కొందరు లేజర్‌తో. పనిముట్టు ఏదైనా తెగిపడేది వేలి కొసే.

పిల్లి మనలా పాదం మొత్తం ఆనించి నడవదు. మడమ పైకెత్తి, వేళ్ల మీద నడుస్తుంది. పిల్లి అడుగుకు చప్పుడు లేకపోవడానికి కారణం ఆ వేళ్లు, వాటికింది మెత్తలు, లోపలికి ఒదిగిన గోళ్లు. ఒంటి బరువు పడే చోటే కోత పడితే నడక తీరు మారుతుంది, ఆ భారం పై కీళ్లకూ వెన్నుకూ పాకుతుంది. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో 274 పిల్లుల్ని పరీక్షించారు. సగం గోళ్లు తీసినవి, సగం గోళ్లున్నవి. తీసినవాటిలో వెన్నునొప్పి, ఇసుక పెట్టె వదిలి బయట మలమూత్రాలు చేయడం, కరవడం, సొంత బొచ్చు కొరుక్కోవడం ఎక్కువగా కనిపించాయి. ఎక్స్‌రేలు తీస్తే, గోళ్లు తీసిన పిల్లుల్లో 63 శాతం వాటి పాదాల్లో ఎముక ముక్కలు మిగిలిపోయి ఉన్నాయి.

ఇసుక పెట్టె సంగతి ఆలోచిస్తే కడుపు తరుక్కుపోతుంది. వేళ్లు పచ్చిగా ఉన్న పిల్లి ఇసుకలో కాలు పెడితే గుచ్చుకుంటుంది. ఆ నొప్పిని అది పెట్టెతో ముడిపెట్టుకుని పక్కదుప్పటి మీదికి వెళుతుంది. గోళ్లు లేక బెదిరించలేని పిల్లి నేరుగా పంటి దాకా పోతుంది. సోఫా కాపాడుకోవడానికి కోయించినవాళ్లు, చివరికి పరుపు పాడుచేస్తోందనీ కరుస్తోందనీ ఆ పిల్లినే వదిలించుకుంటారు.

గోటి గురించి మనలో చాలామందికి ఉన్న ఒక పొరపాటు ఊహ కూడా ఇక్కడ చెప్పాలి. పిల్లి ప్రేమగా ఉన్నప్పుడు గోళ్లను ‘లోపలికి లాక్కుంటుంది’ అనుకుంటాం. నిజానికి గోరు లోపల ఉండడమే దాని మామూలు స్థితి. సాగే గుణమున్న ఒక స్నాయువు దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. కాలి కండరాన్ని బిగించినప్పుడే గోరు బయటికొస్తుంది. అంటే గోరు చాచడానికే పిల్లి కష్టపడాలి. మన ఒళ్లో పడుకున్న పిల్లి ఆయుధాలన్నీ ఒరల్లో పెట్టుకునే పడుకుంటుంది.

నీ సోఫా తప్ప ఏముంది దానికి?

మా అత్తయ్యది కోనసీమ. ఆ ఏడాది సంక్రాంతికి వచ్చినప్పుడు చిరిగిన సోఫాను, దాని మీద నేను కప్పిన దుప్పటిని, దుప్పటిలోంచి కూడా గీరుతున్న జున్నును కాసేపు చూశారు. ‘‘అమ్మాయ్, మా ఊళ్లో పిల్లికి కొబ్బరిచెట్టుంది, చింతమొద్దుంది, పశువుల పాకలో గుంజుంది. నులక మంచం కోడుంది. ఇక్కడేముందే దానికి, నీ సోఫా తప్ప?’’ అన్నారు.

మూడేళ్లుగా పుస్తకాలు, పరిశోధనలు చదువుతున్నాను. ఆవిడ ఆ నిమిషంలో అన్నదాన్ని మించిన మాట నాకు ఎక్కడా దొరకలేదు.

పిల్లి గీరడం అల్లరి కాదు. దాని గోరు పొరలు పొరలుగా పెరుగుతుంది. పైపొర మొద్దుబారి ఎండిపోయినప్పుడు గరుకైన చోట గుచ్చి లాగితే ఆ తొడుగు ఊడిపోయి, కింద పదునైన కొత్త గోరు తేలుతుంది. ఊడ్చేటప్పుడు మీకు పారదర్శకమైన చిన్న కొక్కెంలాంటి పెంకు దొరికితే భయపడకండి, గోరు విరగలేదు, కుబుసం విడిచిందంతే. ఇదొక పని. నిద్ర లేచాక ఒళ్లు విరుచుకోవడం రెండో పని. గోళ్లు ఒకచోట గుచ్చి పట్టు దొరికించుకుంటేనే భుజాల నుంచి తోకమొదలు దాకా వెన్ను సాగుతుంది. అందుకే నిద్రపోయే చోటికి దగ్గరలోనే గీరుతుంది.

మూడోదాన్ని మనం చూడలేం. పాదం మెత్తల మధ్య వాసన గ్రంథులుంటాయి. గీరినచోటల్లా ఆ వాసన అంటుకుంటుంది. అక్కడ మిగిలే చారలు కంటికి, వాసన ముక్కుకు, ‘ఇది నేనుండే చోటు’ అని చెబుతాయి. ఇంట్లో మనుషులందరూ కూర్చునే సోఫాను, గది గుమ్మాన్ని, మంచం మూలను పిల్లి ఎంచుకోవడానికి కారణం అదే. మన వాసన ఎక్కువున్నచోటే దాని వాసనా కలుపుతోంది. మన మీద కోపంతో సోఫా చింపుతుందని అనుకున్నంత కాలం నాకు జున్ను మీద కోపం వచ్చేది. ఈ సంగతి తెలిశాక రాలేదు.

పాత ఇళ్లలో గోరు పిల్లికి కూడు పెట్టే పనిముట్టు. గాదెలో ధాన్యం, దూలాల మీద ఎలుకలు. గోళ్లు లేని పిల్లి ఆ ఇంటికి దేనికీ పనికిరాదు. అదే పిల్లి పాలకుండ మీదికి దూకితే మన అవ్వలు ఏం చేశారు? ఉట్టి కట్టారు. పిల్లి ఎగరగలిగినంత ఎగురుతుందని ఒప్పుకుని, దానికి అందనంత ఎత్తులో కుండను వేలాడదీశారు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవని సామెతా చెప్పుకున్నారు. మార్చింది ఇంటి అమరికను, పిల్లిని కాదు. ఫ్లాట్‌లో గాదె లేదు, ఉట్టి లేదు, ఎలుక లేదు. గోటికి పని పోయింది కాబట్టి గోరే అనవసరమని తోస్తోంది మనకు.

ఇసుక పెట్టె తెచ్చిన మార్పు

మనిషికీ పిల్లికీ స్నేహం చాలా పాతది. సైప్రస్ దీవిలో దాదాపు 9,500 ఏళ్ల కిందట ఒక మనిషిని పూడ్చినచోట, పక్కనే పిల్లినీ పూడ్చారు. ఫ్రెంచి పురావస్తు పరిశోధకులు ఆ సంగతిని 2004లో ప్రకటించారు. అన్ని వేల ఏళ్లలో పిల్లి ఎక్కువగా లోపలా బయటా తిరిగే జీవిగానే ఉంది. దాన్ని రోజంతా నాలుగు గోడల మధ్య ఉంచడం మొన్న మొన్నటి సంగతి. అందుకు దారి తీసిన వస్తువు ఇసుక పెట్టె.

1947లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ లో అనే వ్యాపారి, తేమ పీల్చుకునే ఒక బంకమట్టిని పిల్లుల కోసం సంచుల్లో అమ్మడం మొదలుపెట్టాడు. మన ముల్తానీ మట్టి జాతిదే అది. అంతకుముందు బూడిద, ఇసుక, రంపపు పొట్టు వాడేవారు. వాసన రాని ఈ మట్టితో పిల్లి పూర్తిగా ఇంటి లోపలిదైంది. బండ్ల కింద పడకుండా, కుక్కల నోట చిక్కకుండా ఎక్కువకాలం బతకడం మొదలుపెట్టింది. ఇంటి లోపలికి వచ్చిన పిల్లి ఇంటి లోపలివే గీరింది. 1950ల నుంచి అమెరికా, కెనడాల్లో గోళ్లు తీసే ఆపరేషన్ వాడుకలోకి వచ్చింది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో పాటే ఇదీ చేయించేయడం చాలా ఇళ్లలో మామూలైపోయింది.

మా పిన్ని కూతురు డాలస్‌లో ఉంటుంది. రెండేళ్ల కిందట పిల్లిపిల్లను తెచ్చుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడానికి ఒక క్లినిక్‌కి తీసుకెళితే, ముందుకాళ్ల గోళ్లు కూడా తీయమంటారా అని మామూలుగా అడిగారట. అద్దె ఇంటి కాగితాల్లోనూ పిల్లికి గోళ్లున్నాయా లేవా అనే ప్రశ్న ఉందట. ‘‘అక్కా, ఇక్కడ చట్టం ఒప్పుకుంటుంది, మా ఆయన సరేనంటున్నాడు, ఏం చేయమంటావ్?’’ అని రాత్రిపూట ఫోన్ చేసింది. నేను ఆ పశువైద్యురాలి మాటే చెప్పాను. ఆ పిల్లికి ఇప్పటికీ 18 గోళ్లున్నాయి.

టెక్సస్‌లో రాష్ట్రమంతటికీ వర్తించే నిషేధం లేదు. కానీ అమెరికాలో గాలి మారింది. ఆ మార్పు వెనక కాలిఫోర్నియాకు చెందిన జెనిఫర్ కాన్రాడ్ అనే పశువైద్యురాలి కృషి చాలా ఉంది. గోళ్లు తీయించిన పులులు, సింహాలు నడవలేక కుంటుతుంటే ఆవిడ వాటి పాదాలకు చికిత్స చేశారు. పెద్దపిల్లికి చేయకూడనిది ఇంటిపిల్లికి ఎలా చేస్తామని అడిగారు. ‘పా ప్రాజెక్ట్’ అనే సంస్థను పెట్టి ప్రచారం చేశారు. 2003లో వెస్ట్ హాలీవుడ్ నగరం నిషేధించింది, అమెరికాలో అదే మొదటిది. అద్దెకిచ్చేవాళ్లు గోళ్లు తీయించమని షరతు పెట్టకూడదని 2012లో కాలిఫోర్నియా చట్టం చేసింది. 2019 జులై 22న న్యూయార్క్ గవర్నర్ సంతకంతో రాష్ట్రస్థాయిలో మొదటి నిషేధం వచ్చింది. ఉల్లంఘిస్తే వెయ్యి డాలర్ల దాకా జరిమానా. 2022లో మేరీలాండ్ అదే బాట పట్టింది. పలు ఐరోపా దేశాలైతే 1987 నాటి పెంపుడు జంతువుల ఒడంబడికలోనే దీన్ని వద్దన్నాయి. ఇజ్రాయెల్ 2011లో నిషేధించింది.

మన దగ్గర? 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ జంతువుల అంగాలను ఛేదించడాన్ని క్రూరత్వం కింద లెక్కగడుతుంది. పశువులకు కొమ్ములు తీయడం, ముక్కుతాడు వేయడం, విత్తు తీయడం వంటివాటికి ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. పిల్లి గోళ్లకు లేదు. నాకు తెలిసిన పశువైద్యులెవరూ ఈ ఆపరేషన్ చేయరు. మన పిల్లులకు ముప్పు వేరే వైపు నుంచి వస్తోంది. ముద్దుగా ఉందని పర్షియన్ పిల్లను కొంటారు, ఆర్నెల్లకు సోఫా చిరుగుతుంది, కర్రతో కొడతారు, ఆ తర్వాత ఒక రాత్రి చేపల మార్కెట్ దగ్గర వదిలేసి వస్తారు. పుట్టినప్పటి నుంచి గిన్నెలో తిండి తిన్న పొడుగు బొచ్చు పిల్లి అక్కడ ఎన్ని రోజులు బతుకుతుంది? కత్తి లేకపోయినా ఇది కోతే.

దుంగ, తాడు, చోటు

అత్తయ్య ఊరికి వెళ్లి, మరిదితో ఒక తాడు చుట్ట పంపించారు. కోనసీమ కొబ్బరి పీచు తాడు, వేలెడు లావు. సరుగుడు దుంగను టింబర్ డిపోలో కోయించుకున్నాం. దాని అడుగున రెండడుగుల చదరపు ప్లైవుడ్ చెక్క బిగించి, చెక్క మీద రెండు షాబాద్ బండ ముక్కలు పెట్టాం. తాడును ఫెవికాల్ రాస్తూ సందు లేకుండా బిగించి చుట్టాలి. నాలుగంగుళాల లావు, మూడడుగుల ఎత్తు ఉన్న దుంగకు 30 మీటర్ల పైచిలుకు తాడు పట్టింది. బజార్లో దొరికే పిల్లి స్తంభాలకు ఎక్కువగా కిత్తనార తాడు వాడతారు. అదీ మంచిదే. గోనెపట్టా చుట్టినా కొన్ని పిల్లులు ఇష్టపడతాయి.

స్తంభం కొన్నా పిల్లి వాడట్లేదనేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల ఇళ్లకు వెళ్లి చూస్తే స్తంభం అడుగున్నర ఎత్తుంటుంది, ముట్టుకుంటే ఊగుతుంది. పిల్లి వెనకకాళ్ల మీద నిలబడి పూర్తిగా సాగితే ముందుకాళ్లు ఎక్కడ ఆనతాయో చూడండి, స్తంభం అంతకంటే ఎత్తుండాలి. ఒక్కసారి ఊగి మీద పడిందంటే ఆ పిల్లి మళ్లీ దాని దగ్గరికి రాదు. ఇక చోటు. అందంగా లేదని బాల్కనీ మూలన పెడితే అది వృథా. ఏ సోఫా చెయ్యి చిరుగుతోందో దాని పక్కనే, దానికి ఆనుకునేలా పెట్టాలి. అలవాటు కుదిరాక, కావాలంటే రోజుకు జానెడు చొప్పున పక్కకు జరపవచ్చు. మేం జరపలేదు. కొన్ని పిల్లులు నిలువు కన్నా అడ్డం ఇష్టపడతాయి. కాటుక అలాంటిదే. దానికి గుమ్మంలోని కొబ్బరి పీచు పట్టా ఇచ్చేశాం, మేం కాళ్లు తుడుచుకోవడానికి వేరేది కొనుక్కున్నాం.

అలవాటు చేయడానికి అత్తయ్య చెప్పిన చిట్కా ఒకటుంది. ఖాళీ స్థలాల్లో పెరిగే కుప్పింటాకు మొక్క, కొన్ని ఊళ్లలో మురిపిండాకు అంటారు, దాని వేరంటే పిల్లులకు వల్లమాలిన ఇష్టం. అప్పుడే పీకిన వేరును కడిగి తాడుకు రుద్దితే పిల్లి వచ్చి దుంగను తలతో రాసి, పొర్లి, గోళ్లు వేస్తుంది. తినిపించడానికి కాదు, రుద్దడానికే. మా జున్ను మొదటిసారి ఆ దుంగను పట్టుకున్నది అలాగే.

సోఫా వైపు నుంచి కూడా పని ఉంది. ముతక నేత, జనపనార మాదిరి బట్ట పిల్లిని పిలుస్తుంది. వెల్వెట్ లాంటి దట్టమైన నున్నటి బట్టలో గోరు దిగదు, పట్టు చిక్కదు కనుక వదిలేస్తుంది. రెండువైపులా అంటుకునే టేపు కొన్ని వారాలు సోఫా చేతికి అంటించి ఉంచితే పాదానికి జిగురు తగిలి విసుగొస్తుంది. ఆ వారాల్లో దుంగ పక్కనే ఉండాలి. ఒకటి మూసేసి రెండోది తెరవకపోతే అది మూడోది వెతుక్కుంటుంది, ఆ మూడోది మీ టేకు తలుపు కావచ్చు.

కొట్టడం గురించి తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ చాలు. సలసల కాగే పాలు పోశాడు. ఆ తర్వాత ఆ పిల్లి పాలగిన్నె చూస్తేనే పారిపోయింది. పాలు వేడిగా ఉన్నప్పుడు తాగకూడదనే పాఠం అది నేర్చుకోలేదు, పాలే ప్రమాదమని నేర్చుకుంది. గీరినందుకు కొడితే మీ పిల్లి సోఫాకు దూరం కాదు, మీకు దూరమవుతుంది. మీరు లేనప్పుడు గీరుతుంది.

బాల్కనీ మాట కూడా మరవకూడదు. పావురాలు రాకుండా కట్టే సన్నటి నైలాన్ వలను పిల్లి గోళ్లతో ఎక్కుతుంది, పళ్లతో కొరుకుతుంది. గట్టి ఇనుప మెష్ మేలు. వలే ఉంటే ముడులన్నీ తరచూ లాగి చూసుకోవాలి.

కత్తిరించే పూట

ఇంటిపిల్లి గోళ్ల కొసలు రెండు మూడు వారాలకోసారి కత్తిరించాలి. ఇది ఎవరైనా ఇంట్లోనే నేర్చుకోగల పని. మొదట్లో నా చేతులు వణికాయి. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అదొక ప్రశాంతమైన వేళ.

పిల్లి తిని, మత్తుగా ఉన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. ముఖం మీ వైపు కాకుండా బయటి వైపు ఉండాలి. ఒక వేలిని పైనా కిందా పట్టుకుని మెల్లిగా నొక్కితే గోరు దానంతటదే బయటికొస్తుంది. వెలుతురులో చూస్తే మొదలు దగ్గర గులాబీ రంగులో ఒక భాగం కనిపిస్తుంది. నెత్తురూ నరమూ ఉండేది అక్కడ. దాన్ని ముట్టుకోకూడదు. దానికి దూరంగా, కొక్కెంలా వంగిన తెల్లటి కొసను మాత్రమే, మిల్లీమీటరో రెండో తీస్తే చాలు. పిల్లుల కోసం అమ్మే చిన్న కత్తెర మంచిది, మొద్దుబారింది వాడితే గోరు చీలుతుంది. పొరపాటున నెత్తురు వస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది కాసేపు నొక్కి పట్టుకోండి, ఆగిపోతుంది.

ఒక్కరోజులోనే అన్నీ తీయాలని పట్టుబట్టొద్దు. ఇవాళ రెండు, రేపు రెండు. ప్రతి గోటికీ ఉడికించిన చికెన్ పీలిక ఒకటి. విదిలించుకుంటే వదిలేయండి. చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచే రోజూ పాదాలు నిమిరి, వేళ్లు నొక్కి అలవాటు చేస్తే పెద్దయ్యాక పోరాటం ఉండదు. మార్జాల కిశోర న్యాయమని మన పెద్దలు భక్తి గురించి చెబుతారు, తల్లిపిల్లి పిల్లను మెడ పట్టుకుని మోస్తుంటే పిల్ల నిశ్చింతగా వేలాడుతుందని. అది పిల్లలకే. ఎదిగిన పిల్లిని మెడ పట్టి ఎత్తితే నొప్పి, భయం. ఆ పని చేయకండి.

బొటనవేలి స్థానంలో, కాస్త పైన ఒక గోరు ఉంటుంది. నేలకు తగలదు, అరగదు. ముసలి పిల్లుల్లో అది గుండ్రంగా తిరిగి మెత్తలోకే దిగబడుతుంది. వయసు మీరిన పిల్లి గీరడం తగ్గిస్తుంది, పైతొడుగులు ఊడక గోళ్లు లావెక్కుతాయి. పదేళ్లు దాటిన పిల్లి ఉన్నవాళ్లు వారానికోసారి దాని పాదాలు చూడాలి. నడిచేటప్పుడు గచ్చు మీద టక్ టక్ అని వినిపిస్తే ఆ రోజే చూడాలి.

గోళ్లకు తొడిగే ప్లాస్టిక్ టోపీలూ దొరుకుతున్నాయి. జిగురుతో అంటిస్తారు, నాలుగైదు వారాలుంటాయి. ఇంట్లో రక్తం పలచబడే మందులు వాడే పెద్దవాళ్లుంటే కొంతకాలానికి ఉపయోగం. నా ఓటు కత్తెరకే.

రక్కితే

గోళ్లున్న పిల్లి ఎప్పుడో ఒకప్పుడు రక్కుతుంది. అత్తయ్య మంగళగిరి చీర కుచ్చిళ్లు ఊగుతుంటే కాటుక వేటనుకుని దూకింది, పాదం మీద మూడు గీతలు పడ్డాయి. తప్పు పిల్లిది కాదు, వేటాడే జీవికి రోజంతా వేటలేని ఇంట్లో కదిలేదల్లా ఎలుకే. రోజుకు రెండుసార్లు, తిండికి ముందు, కర్రకు కట్టిన తాడుతోనో ఈకతోనో పావుగంట ఆడించడం మొదలెట్టాక చీరల జోలికి రావడం మానేసింది. చేతివేళ్లతో మాత్రం ఎప్పుడూ ఆడించకండి. చిన్నప్పుడు ముద్దుగా ఉన్న ఆటే పెద్దయ్యాక రక్కుడవుతుంది.

గీత పడిన వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. వీధి పిల్లి గానీ, టీకా లేని పిల్లి గానీ రక్కితే నెత్తురు వచ్చినా రాకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ కుక్కలకే వస్తుందనుకోవడం ప్రమాదం. ప్రభుత్వాసుపత్రుల్లో టీకా ఉచితం. ఇంటి పిల్లికి మూడో నెల నిండాక రేబిస్ టీకా, ఆపై ఏటా మళ్లీ వేయించాలి, గడప దాటదు కదా అని మానకూడదు. గోమార్లున్న పిల్లి గోళ్ల నుంచి బార్టొనెల్లా అనే బ్యాక్టీరియా కూడా వస్తుంది. గీత పడిన కొన్ని రోజులకు చంకలోనో మెడ దగ్గరో బిళ్లలు కట్టి జ్వరం వస్తే, పిల్లి రక్కిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. దీనికి నివారణ గోమార్లు లేకుండా చూసుకోవడమే. రోగ నిరోధక శక్తి తక్కువున్నవాళ్ల ఇళ్లలో కూడా ఈ జబ్బు భయంతో పిల్లి గోళ్లు తీయించమని అమెరికా ఆరోగ్య సంస్థలు సిఫారసు చేయడం లేదు.

పాదాల గురించి మరో హెచ్చరిక. ఫినైల్, డెటాల్ వంటివాటిలోని రసాయనాలు పిల్లికి విషం, వాటిని విరగ్గొట్టే శక్తి దాని కాలేయానికి సరిపడా లేదు. తడిగచ్చు మీద నడిచి, పాదాలు నాక్కుంటుంది. సంస్కృతంలో మార్జాలమనే మాటకు మూలం తుడుచుకోవడం, శుభ్రం చేసుకోవడమే. పిల్లి ఉన్న ఇంట్లో తడిగుడ్డ వేసే నీళ్లలో ఏం కలుపుతున్నామో చూసుకోవాలి.

ఆ పాత సోఫాకు బట్ట మార్పించాం, ఈసారి దట్టమైన నేత. మూడేళ్లలో ఒక్క దారం లేవలేదు. దుంగ మీది తాడు మాత్రం రెండుసార్లు పీచు పీచైంది, రెండుసార్లూ విప్పి కొత్తది చుట్టాం. పాత తాడు వాసన పోకుండా అడుగున నాలుగు చుట్లు అలాగే ఉంచాం.

పిల్లిని తెచ్చుకోవాలనుకుంటున్న ప్రతి ఇంటికీ ఒక విన్నపం. గిన్నె, ఇసుక పెట్టె, బుట్ట కొనే రోజే ఒక బలమైన దుంగ, 30 మీటర్ల తాడు కూడా కొనండి. పిల్లి మీ గడప తొక్కేనాటికి ఆ దుంగ హాల్లో, మీరు కూర్చునే చోటు పక్కనే నిలబడి ఉండాలి.